మెదడు కణితి: స్కాన్‌లో తెలుపు తగ్గితే ఆయుష్షు పెరిగినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఇటీవల మెదడు క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాం. రక్తం అందకుండా చేసే ఇంజెక్షన్‌తో కణితి ఎండిపోతుందనీ, రోగి ఎక్కువ కాలం బతుకుతాడనీ అందులో రాశారు. మొదటి సగంలో కొంత నిజముంది. రెండో సగం నిలవదని రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలు తేల్చి పదేళ్లు దాటింది. ఆ మాట పట్టుకుని పొలమో ఇల్లో తాకట్టు పెట్టి ఇంజెక్షన్లు వేయించేవాళ్లు ఉంటారు కాబట్టి, ఈ రక్తనాళాల సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

మేం చెప్పేది గ్లియోబ్లాస్టోమా గురించి. పెద్దవాళ్లకు మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేదీ, బాగా మొండిదీ ఇదే. బయాప్సీ రిపోర్టులో "మైక్రోవాస్క్యులర్ ప్రాలిఫరేషన్" అన్న మాట చాలామంది చూసే ఉంటారు. కణితిలో కొత్త రక్తనాళాలు గుత్తులుగా, గోడలు పొరలు పొరలుగా మందమెక్కి పెరిగాయని దానర్థం. పక్కనే "నెక్రోసిస్" అని కూడా ఉంటుంది, అంటే కణాలు చచ్చిపోయిన చోట్లు. అన్ని నాళాలుండి కూడా కణాలు ఎందుకు చస్తున్నాయన్న ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది.

కొత్త రక్తనాళాలు లేకుండా కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేదని, వాటిని ఆపితే క్యాన్సర్ ఆగుతుందని 1971లో అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాడు. ఆక్సిజన్ చాలని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి, దాని పిలుపుకు కొత్త నాళాలు మొలుస్తాయి. అయితే ఆ ప్రొటీన్ రెండు పనులు చేస్తుంది. నాళాలను మొలిపిస్తుంది, వాటి గోడల్ని కారేలా కూడా చేస్తుంది. మామూలుగా మెదడు రక్తనాళాల గోడలు చాలా బిగువు. గ్లియోబ్లాస్టోమాలో ఆ బిగువు పోతుంది. గండ్లు పడిన కాలువ తీరే ఇది: గండి దగ్గర పొలం మునుగుతుంది, చివరి ఆయకట్టుకు చుక్క అందదు. కారిన నీరు చుట్టూ చేరి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతులు, చెయ్యీ కాలూ పడిపోవడం చాలావరకు ఆ వాపు వల్లే. అదే సమయంలో కణితి లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు.

ఆక్సిజన్ లేకపోతే చికిత్స కూడా సరిగా పనిచేయదు. మన ఊళ్లల్లో కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ చేసే దెబ్బ కణంలో స్థిరపడాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ బొత్తిగా లేని కణాన్ని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల రేడియేషన్ పడుతుంది. ఆరు వారాల్లో 30 విడతలుగా ఇచ్చే 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదును మూడు రెట్లు చేయడం కుదిరే పని కాదు, పక్కనున్న మంచి మెదడు తట్టుకోలేదు. దాంతోపాటు రోజూ వేసుకునే టెమోజొలమైడ్ అనే కీమో క్యాప్సూల్ కూడా రక్తంలో పోయే కణాన్ని చేరాలి. రక్తం పారని చోటికి మందూ పోదు. కణితికి రక్తాన్ని పూర్తిగా ఆపేస్తే మేలని అనుకునేవాళ్లు ఇక్కడ ఒక క్షణం ఆగాలి.

ఇక పరీక్షల లెక్కలు. వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే మందు బెవాసిజుమాబ్. తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాకు అమెరికా ఎఫ్‌డీఏ 2009లో దీనికి తాత్కాలిక అనుమతి, 2017లో పూర్తి అనుమతి ఇచ్చింది. కొత్తగా జబ్బు బయటపడినవాళ్లకు మొదటి నుంచే ఇస్తే ఎలా ఉంటుందో చూసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. అవాగ్లియో పరీక్షలో 921 మంది ఉన్నారు. ఈ మందు తీసుకున్నవాళ్లలో జబ్బు ముదరకుండా గడిచిన కాలం సగటున 10.6 నెలలు, తీసుకోనివాళ్లలో 6.2 నెలలు. చూడ్డానికి ఘనంగా ఉంది. బతికిన కాలం మాత్రం 16.8 నెలలు, 16.7 నెలలు. ఆర్‌టీఓజీ 0825 అనే రెండో పరీక్షలో ఇవి 15.7, 16.1. అంటే మందు తీసుకోనివాళ్ల అంకే కాస్త ఎక్కువ, గణాంకాల ప్రకారం తేడా లేనట్టే. తిరగబెట్టిన జబ్బులో లోముస్టిన్ అనే కీమో మాత్రలకు ఈ ఇంజెక్షన్ కలిపి చూసిన యూరప్ పరీక్ష 2017లో వచ్చింది. జబ్బు ముదరని కాలం 1.5 నెలల నుంచి 4.2కు పెరిగింది, ఆయుష్షు 8.6 నెలల నుంచి 9.1 నెలలే అయింది. అది కూడా లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. మీ వ్యాసంలో వేసింది ప్రతిసారీ మొదటి అంకె. రెండోది ఎక్కడా లేదు.

మొదటి అంకె అంత బాగుండి రెండోది కదలకపోవడానికి కారణం స్కాన్‌లోనే ఉంది. ఎమ్మారైలో కణితి తెల్లగా మెరిసేది స్కాన్ కోసం ఎక్కించే కాంట్రాస్ట్ అనే మందు, కారే నాళాల్లోంచి బయటికి రావడం వల్ల. బెవాసిజుమాబ్ ఆ కారడాన్ని ఒకటి రెండు రోజుల్లోనే కట్టేయగలదు. కారకపోతే తెలుపు ఉండదు. కణాలు ఉన్నచోటే ఉన్నా ఫిల్ములో గడ్డ మాయమైనట్టు కనిపిస్తుంది. దీన్ని సూడో రెస్పాన్స్ అంటారు. అందుకే మెదడు కణితికి చికిత్స ఎంత పనిచేసిందో కొలవడానికి 2010లో వచ్చిన రానో ప్రమాణాలు తెలుపుతోపాటు ఫ్లెయిర్ సీక్వెన్స్‌ను, అంటే కాంట్రాస్ట్‌తో మెరవని కణితినీ వాపునూ చూపే ఎమ్మారై బొమ్మలను, కూడా చూడమన్నాయి. కొత్త నాళాలు మొలవకుండా చేస్తే ఈ కణాలు ఊరుకోవు, మెదడులో ముందునుంచీ ఉన్న మంచి నాళాల వెంబడి పాకుతూ పోతాయి. అప్పుడు తెలుపు ఉండదు, ఫ్లెయిర్‌లో పొగలాంటి మచ్చ మాత్రం నెలనెలా పెరుగుతుంటుంది. తెలుపు భాగాన్ని మాత్రమే కొలిచి "చాలా తగ్గింది" అని రాసిన రిపోర్టు పట్టుకుని ధీమాగా ఉంటే మోసపోతాం.

మరి రక్తనాళాలకూ ఆయుష్షుకూ సంబంధం లేదా అంటే ఉంది, కానీ ఉన్నది మరో దిశలో. ఐఐటీ కాన్పూర్‌లో చదివి బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో పనిచేస్తున్న రాకేశ్ జైన్ 2001 నుంచి ఒక మాట చెబుతూ వచ్చారు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఈ మందులు తగిన పాళ్లలో పడితే నాళాలను చంపవు, చక్కదిద్దుతాయి. కారడం తగ్గుతుంది, వంకరలు సర్దుకుంటాయి, కొంతకాలం పాటు రక్తం మెరుగ్గా పారుతుంది. ఆ ఆస్పత్రి బృందమే అలాంటి మందే అయిన సెడిరనిబ్ అనే మాత్ర ఇచ్చి పదేపదే ఎమ్మారై తీసి చూసింది. తిరగబెట్టిన జబ్బున్న 30 మందిలో 7 మందికి కణితిలో రక్తప్రవాహం పెరిగింది. ఎక్కువ కాలం బతికింది వాళ్లే. 2013లో కొత్త రోగుల మీద ప్రచురించిన పరిశీలనలోనూ అదే కనిపించింది. రక్తప్రవాహం పెరిగి నిలిచినవాళ్లు, పెరగనివాళ్లకంటే సుమారు 9 నెలలు ఎక్కువ బతికారు. వాళ్ల కణితిలో ఆక్సిజన్ కూడా మెరుగుపడింది.

అయితే సెడిరనిబ్ కోసం వెతకమని దీనర్థం కాదు. ఇవి చిన్న పరిశీలనలు. అదే మాత్రను 2013లో పెద్ద పరీక్షలో లోముస్టిన్‌తో పోల్చి చూస్తే నెగ్గలేదు. ఏ రోగికి నాళాలు సర్దుకుంటాయో, ఎవరికి మరీ కుంచించుకుపోయి ఉన్న కాస్త రక్తమూ ఆగిపోతుందో ముందే చెప్పే పరీక్ష చేతిలో లేకుండా అందరికీ ఒకే మోతాదు ఇస్తే, కొందరికి జరిగిన మేలు మొత్తం లెక్కలో కొట్టుకుపోతుంది. మా అభిప్రాయంలో పై పెద్ద పరీక్షలు ఓడిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

రక్తప్రవాహాన్ని చూపే పరీక్ష పెర్ఫ్యూజన్ ఎమ్మారై. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి వంటి చోట్ల పెద్ద ఆస్పత్రుల యంత్రాల మీద ఇది చేయవచ్చు. కానీ అడిగి చేయించుకోవాలి, "ఎమ్మారై బ్రెయిన్ విత్ కాంట్రాస్ట్" అని రాస్తే అందులో ఉండకపోవచ్చు. చేసే పద్ధతి ఇదీ. కాంట్రాస్ట్‌ను యంత్రంతో సెకనుకు 4, 5 మిల్లీలీటర్ల వేగంతో ఒక్కసారిగా ఎక్కిస్తారు. ఆ మందు కణితి గుండా దూసుకుపోతున్నంతసేపూ, ఒకటి రెండు నిమిషాలు, దాదాపు సెకనున్నరకో బొమ్మ తీస్తారు. మందు వెళ్తున్నప్పుడు సిగ్నల్ పడిపోయి మళ్లీ లేస్తుంది. ఆ గుంట ఎంత లోతుగా, వెడల్పుగా ఉంటే అక్కడ అంత రక్తం ఉన్నట్టు. మెదడులో ఎదుటివైపు ఆరోగ్యంగా ఉన్న తెల్ల పదార్థంతో (వైట్ మ్యాటర్) పోల్చి ఇన్ని రెట్లు అని రాస్తారు. రిపోర్టులో ఆర్‌సీబీవీ అని కనిపించేది ఆ అంకే.

ఈ పరీక్ష చెడిపోయేది చాలావరకు చేతి మీద సూది దగ్గరే. కీమో పడిన చేతుల్లో నరాలు సన్నబడతాయి, వార్డులో పెట్టి పంపిన నీలం రంగు క్యాన్యులా, అంటే 22 గేజ్, ఆ వేగాన్ని తట్టుకోదు. అప్పుడు టెక్నీషియన్ చేత్తో మెల్లగా ఎక్కిస్తాడు, గుంట చదునైపోతుంది, అంకె పనికిరాదు. మోచేతి ముడత దగ్గర గులాబీ, అంటే 20 గేజ్, లేదా ఆకుపచ్చ, అంటే 18 గేజ్ క్యాన్యులా ముందుగానే పెట్టించుకుని వెళ్లాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తాజాది ఉండాలి. నాళాలు బాగా కారుతుంటే ఆర్‌సీబీవీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ముందుగా కొంచెం కాంట్రాస్ట్ ఎక్కించి, తర్వాత అసలు మోతాదు ఇస్తారు. ఆపరేషన్ చేసిన చోట పాత రక్తం, లోహపు క్లిప్పులు, ముక్కు పక్క గాలి గదులు కూడా బొమ్మను వంకర చేస్తాయి. ఒకసారి ఒక యంత్రం మీద, మరోసారి వేరే ఊళ్లో వేరే యంత్రం మీద తీయించి అంకెలు పోల్చకూడదు. ఫిల్ములు చాలవు, ప్రతిసారీ సీడీ తీసుకుని దాచుకోవాలి.

ఆ అంకెను చదవడంలోనూ చిక్కుంది. చికిత్సకు ముందు ఆర్‌సీబీవీ ఎక్కువుంటే జబ్బు దూకుడుగా ఉన్నట్టు. 1.75 దాటితే త్వరగా ముదిరే అవకాశం ఎక్కువని చాలాచోట్ల గీటురాయిగా వాడతారు. మరి పైన రక్తం పెరిగినవాళ్లు ఎక్కువ బతికారన్నాం కదా? మొదటిది, ఎన్ని నాళాలు పెరిగి ఎంత రక్తాన్ని పట్టి ఉంచాయన్న లెక్క. రెండోది, మందు పడ్డాక ఆ నాళాల్లోంచి రక్తం ఎంత సాఫీగా పారుతోందన్నది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇంకో మినహాయింపు: ఆలిగోడెండ్రోగ్లియోమా అనే కణితిలో సన్నని నాళాలు వలలా అల్లుకుని ఉంటాయి కాబట్టి ఆర్‌సీబీవీ సహజంగానే ఎక్కువ చూపిస్తుంది, కానీ దానికి ఆయుష్షు చాలా మెరుగు. బయాప్సీ, కణితి జన్యువులను చూసే ఐడీహెచ్, 1పీ/19క్యూ పరీక్షలు లేకుండా అంకె చూసి భయపడనక్కర్లేదు.

పెర్ఫ్యూజన్ నిజంగా అక్కరకొచ్చేది రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో. అప్పుడు తీసిన స్కాన్‌లో తెలుపు పెరిగి కనిపించడం మామూలే. అందులో కొన్ని జబ్బు ముదరడం కాదు, రేడియేషన్ దెబ్బకు నాళాలు కారడం. దీన్ని సూడో ప్రోగ్రెషన్ అంటారు, ఎంజీఎంటీ మిథైలేషన్ ఉన్నవాళ్లలో, అంటే కీమో బాగా పనిచేసేవాళ్లలోనే ఇది ఎక్కువ. తెలుపు పెరిగినా పెర్ఫ్యూజన్ తక్కువుంటే ఆగి చూడొచ్చు. "గడ్డ పెరిగింది, మందు పనిచేయలేదు" అని ఆ దశలో టెమోజొలమైడ్ మానేస్తే, పనిచేస్తున్న మందును చేజేతులా ఆపుకున్నట్టే. ఆరేడు వారాలకు మళ్లీ స్కాన్ తీసి పోల్చాలి.

ఆ స్కాన్ కాగితం మీద ఆ రోజు వేసుకుంటున్న డెక్సామెథసోన్ మోతాదు రాయించండి. ఈ స్టెరాయిడ్ కూడా కారడాన్ని తగ్గిస్తుంది, తెలుపును చెరిపేస్తుంది. క్రితంసారి రోజుకు 2 మి.గ్రా., ఈసారి 12 మి.గ్రా. అయితే స్కాన్ బాగుపడిందో, మాత్ర పెరిగిందో తేలదు. ఉదయం, మధ్యాహ్నం వేసుకుంటే మేలు, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. మన దగ్గర షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి మొదలుపెట్టిన వారంలోనే చక్కెర చూసుకోవాలి. తలనొప్పి తగ్గిందని ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం, మెట్లు మెట్లుగా దించాలి.

బెవాసిజుమాబ్ పనికిరాదని మేం అనడం లేదు. వాపు తగ్గక స్టెరాయిడ్ దించలేనివాళ్లకు, పడిపోయిన చెయ్యి కాస్త లేచి అన్నం కలుపుకోగలిగితే చాలనుకునే స్థితిలో, అది మంచి మందు. రేడియేషన్ వల్ల మెదడులో ఒకచోట కణజాలం చచ్చి వాస్తే మూడు వారాలకోసారి కిలోకు 7.5 మి.గ్రా. చొప్పున కొన్ని డోసులు ఇస్తే బాగా పనిచేస్తుంది. తిరగబెట్టిన కణితికి కిలోకు 10 మి.గ్రా., రెండు వారాలకోసారి. 60 కిలోల మనిషికి 600 మి.గ్రా., అంటే 400 వయల్ ఒకటి, 100 వయల్స్ రెండు. హైదరాబాద్ కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్ సహా దేశంలో చాలామంది బయోసిమిలర్లు, అంటే అసలు మందుకు దీటైన రకాలు, తయారు చేస్తున్నారు, వాడుకోవచ్చు. షాపు నుంచి తెచ్చేటప్పుడు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని ఐసు గడ్డల మధ్య పూడ్చకూడదు, గడ్డకడితే ప్రొటీన్ పాడవుతుంది. గట్టిగా కుదపకూడదు. గ్లూకోజ్ సీసాలో కలపకూడదు, సెలైన్‌లోనే కలపాలి. మొదటి డోసును 90 నిమిషాల్లో ఎక్కిస్తారు, బాగుంటే రెండోది 60, ఆపై 30.

షుగర్ వల్ల చూపు తగ్గినవాళ్లకు కంట్లో ఇదే మందు వేస్తారు కాబట్టి ఇబ్బందేమీ ఉండదనే మాట తరచూ వినిపిస్తుంది. కంట్లో వేసేది 1.25 మి.గ్రా. ఇక్కడ ఎక్కించేది 600. దుష్ఫలితాలు కూడా ఆ లెక్కనే. బీపీ పెరుగుతుంది, ఇంట్లో యంత్రం ఉంచుకుని చూడాలి. ప్రతి డోసుకు ముందు మూత్రంలో ప్రొటీన్ చూడాలి, రోజుకు 2 గ్రాములు దాటితే ఇంజెక్షన్ ఆపాలి. ఒక కాలు మాత్రమే వాస్తే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఉన్నట్టుండి కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే పేగుకు రంధ్రం పడిందేమో చూడాలి, స్టెరాయిడ్ వేసుకునేవాళ్లలో ఆ నొప్పి కూడా అణిగి ఉంటుంది, తేలిగ్గా తీసుకోకూడదు. గాయం మానదు. తల ఆపరేషన్ అయిన 28 రోజుల దాకా ఇవ్వరు, కుట్లు పూర్తిగా మానాలి. పన్ను తీయించుకోవాల్సి ఉంటే ముందే తీయించుకోవాలి. మళ్లీ ఆపరేషన్ అవకాశం ఉంటే ఆ సంగతి తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి, ఎందుకంటే మొదలుపెట్టాక సర్జన్ మరో 28 రోజులు ఆగాల్సి వస్తుంది, ఆ లోపు మందు ఆపినందుకు వాపు తిరగబెట్టవచ్చు కూడా. ఇక రక్తనాళాలను మూసేస్తాయని ఫోన్లలో తిరిగే, పసుపుతో చేసిన క్యాప్సూళ్లు, ద్రాక్ష గింజల పొడుల గురించి చెప్పేది ఒకటే: ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు డాక్టరుకు చెప్పకుండా అవేవీ వాడొద్దు.

మీ విలేకరులకు ఒక మనవి. క్యాన్సర్ మందు గురించి రాసేటప్పుడు జబ్బు ముదరని కాలం ఎంత, మనిషి బతికిన కాలం ఎంత అని రెండూ అడిగి, రెండూ పక్కపక్కన వేయండి. ఆ వ్యాసంలోని మాటకు సవరణ కూడా అదే పేజీలో, అదే సైజులో వేస్తారని ఆశిస్తున్నాం.

ఇట్లు,
మెదడు కణితుల చికిత్సలో పనిచేసే కొందరు వైద్యులు,
హైదరాబాద్